అబిగయీలు జెముడు కంచె

ఆ ఆదివారం ఆలస్యంగా వచ్చి నేరుగా ప్రార్థనకు నిలబడ్డ సంఘపెద్ద కిషోర్ బాబు గారు, ఆమేన్ అన్నాక కూర్చోబోయి, గబుక్కున లేచి, ప్రసంగమంతా నిలబడే విన్నారు. ఎంత భక్తి అని వెనక వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అబిగయీలు మాత్రం ఆయన ప్యాంటు వెనక జేబు మీది ఎర్రటి మరక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోట ఊరికి తూర్పున ఇసక నేలలో ఆమె వేరుశనగ చేనుకు మనిషెత్తు నాగజెముడే కంచె. మేకలు దాన్ని దాటవు. అది కాసే ఎర్రటి పళ్ళను ఆమె పొద్దున్నే పట్టకారుతో తుంచి, ఇసకలో దొర్లించి, చీపురుతో రుద్ది, కంటికి ఆనని నూగుముళ్ళు రాలాకే గంపలో వేస్తుంది. అయినా వేళ్ళలో ఎప్పుడూ రెండు ముళ్ళుంటాయి; మాట్లాడుతూనే పంటితో పీక్కుంటుంది. అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తుంది. అడగడానికి నామోషీ పడే పెద్దమనుషులే చాటుగా కోసి జేబులో వేసుకుంటారు.

సాయంత్రం కిషోర్ బాబు గారు కంచె దగ్గరికొచ్చి గొంతు పెంచారు. "ఏమ్మా అబిగయీలూ, దారిన ఊరికే నడిచిపోతుంటే నీ జెముడు గుచ్చుకునింది. రేపే జేసీబీ పిలిపించి మొత్తం పెరికించేస్తా!"

కంచె పోతే చేను మేకలపాలే. ఆమె వేలి ముల్లు పీకి ఊసి, నిదానంగా అంది:

"నడిచిపోయేవాళ్ళకు ఆడ గుచ్చుకోదయ్యా, ఈసారి అడగండి, ఒలిచిస్తా."