కుడితి గోలెంలో ఫోను

మొన్న ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర గంటలకు, మా మునిమనవడి చేతిలోని ఫోను లాక్కుని ఎనుము తాగే కుడితి గోలెంలో వేశాను. ముసలిదాని చెయ్యి జారిందని మనవడి పెండ్లాం ఇరుగుపొరుగుకు చెప్పుకుంటోంది. జారలేదు. కావాలనే వేశాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పందొమ్మిది వందల యాభైలలో మన ఊర్లకు సర్కారు రేడియోలు వచ్చిన సంగతి. నందికొట్కూరు దగ్గర మా ఊరికి వచ్చినదాన్ని పెట్టను వేరే చోటు లేక, పిల్లల చేతులు తగలకుండా బడిలోనే ఎత్తున అటక మీద పెట్టారు. అంతకుముందు మా అయ్యవారు నేల మీద ఇసుక పోసి, మా వేలు పట్టుకుని, కొస మండేదాకా దిద్దించేవాడు, ఆపైన చిల్లంకట్టె ఆడుకోండని ఎండలోకి తోలేవాడు. ఆ రేడియో డబ్బా వచ్చినాక ఆయనకు ఆ పని తప్పింది. "కదలొద్దండప్పా, అన్నీ అదే చెప్తాది" అని మమ్మల్ని దాని ముందర కూర్చోబెట్టి తన శెనిక్కాయ చేనికి పోయేవాడు. కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా, నోళ్లు తెరుచుకుని, అది ఏం చెప్తే అది మింగాం.

ఏడాది తిరిగేసరికి బడి చూడను వచ్చిన అధికారి నా చేతికి సుద్దముక్క ఇచ్చి పేరు రాయమన్నాడు. చెయ్యి కదల్లేదు గానీ నోరు కదిలింది. శెనిక్కాయల ధరలు, వాన కబుర్లు, చివర్లో ఆ డబ్బా చెప్పే నమస్కారంతో సహా గడగడా అప్పజెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "ఏమప్పా అయ్యవారూ, బడి పెట్టినావా, సంత పెట్టినావా?" అన్నాడు. మాట మా నాయన చెవిన పడింది. "పేరు రాయను రాని బడి ఎందుకు, చేనికాడికి పా" అని కలుపు తీసే తొలికె ఇచ్చాడు. ఆ ఎగతాళి తప్ప అయ్యవారిని ఎవరూ ఏమీ అనలేదు. డబ్బాను పగలగొడదామని నేను రాయి పట్టుకుని పోయాను గానీ, అటక అందలేదు.

నా పేరు నేను రాసుకునేసరికి నలభై దాటాయి, అదీ వాకిట్లో నాపరాయి మీద, చిన్నకొడుకు పారేసిన సుద్దముక్కతో.

ఆ ఆదివారం పొద్దున ఐదేళ్ల మునిమనవడికి పలక మీద 'అ' రాసి ఇచ్చాను. వాడు బలపం ముట్టుకోలేదు. ఇంకో అక్షరం వస్తుందని పలక మీది అక్షరాన్ని వేలితో పక్కకు తోశాడు, రాకపోయేసరికి పలక చెడిపోయిందని ఏడ్చాడు. వాళ్లమ్మ ఫోను చేతికిచ్చి, "వానికి అన్నీ వచ్చవ్వా, దీంట్లో చూసి శానా బాగా పాడతాడు" అని మురిసింది.

"పాడేది నాకూ వచ్చుండెనే తల్లీ, రాసేది యాడుండాది?" అన్నాను.

ఆ రేడియోకు మనవడైన ఈ ఫోను ఇన్నాళ్లకు నా చేతికి అందే ఎత్తులో దొరికింది. గోలెంలో బుడగలు ఆగేదాకా నిలబడి చూశాను. తర్వాత మునిమనవడి పిడికిట్లో సుద్దముక్క పెట్టి, పైన నా చెయ్యి వేసి, నాపరాయి మీద దిద్దించాను. ఆ వేళ్లలో బలమే లేదు. అప్పట్లో ఊరికంతా ఒకటే డబ్బా, అది ఆగితే మిగతా పొద్దంతా మాదే. ఇప్పుడు ఏ పొద్దూ పిల్లలది కాదు.

ఆ పొద్దు అక్కడ ఉన్నది నేను, ఏడుస్తూనే 'అ' సగం దిద్దిన మునిమనవడు, గోలెంలో చెయ్యి పెట్టి వెతికే వాళ్లమ్మ, కుడితి ముట్టని ఎనుము. మా అయ్యవారు లేడు. ఉండుంటే, దిద్దించమని సుద్దముక్క ఆయన చేతిలోనే పెట్టేదాన్ని.