కొండవాలు మీద దగ్గు

దయ్యాల కబుర్లు నా దగ్గర చెల్లవు. నేను ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంని. ఆదివారం చర్చిలో పాటలు పాడతాను. గాలి సోకిందని ఎవరైనా వస్తే ముందు థర్మామీటరు పెడతాను, తర్వాత వేలు మీద పొడిచి మలేరియా టెస్టు చేస్తాను, ఆ తర్వాత చీవాట్లు పెడతాను. చచ్చినవాళ్లు తిరిగొస్తారని నమ్మేదాన్నైతే కొండల్లో ఒంటరిగా తిరిగే ఈ ఉద్యోగం ఒక్క వారం కూడా చేసుండేదాన్ని కాదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను.

మా ఊరు ముంచింగిపుట్టు దాటి ఇంకా పైకి పోతే వస్తుంది. నన్ను పెంచింది మా అమ్మమ్మ సుక్రి. ఆమె చంటిపిల్లగా ఉన్నప్పుడే ఆమె తండ్రిని ఒక షావుకారు వెట్టికి పట్టుకుపోయాడు. కరువు రోజుల్లో తిన్న గింజలకు మనిషి బతుకంతా రాసిచ్చేసినట్టే అప్పట్లో. అలా పోయినవాళ్లు షావుకారు తోటలో చాకిరీ చేసి, అక్కడే జబ్బుపడి అక్కడే పోయేవాళ్లు. వాళ్లను తోట వెనక కొండవాలులో పూడ్చేసేవారు.

ఆ వాలు మా ఊరికి ఎగువనే ఉంటుంది. అమ్మమ్మ పుట్టిల్లు ఇక్కడికి చాలా దూరం. ఈ ఊరి సంబంధానికి ఆమె ఒప్పుకున్నది కూడా తండ్రికి దగ్గరగా ఉండొచ్చనేనట. కానీ ఆ వాలులో ఆయన ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు లేరు.

మా కొండజాతిలో మనిషి పోతే ఆ వంశం మగవాళ్లు వచ్చి రాయి నిలబెడతారు. రాయి పడేదాకా పోయినవాడు తన పెద్దల్లో కలిసినట్టు కాదు. వాలులో ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో తెచ్చినవాళ్లు, ఒడిశా వైపు వాళ్లు కూడా ఉన్నారంటారు. వాళ్ల కోసం ఎవరూ రాలేదు, ఎవరూ రాయి పెట్టలేదు. తెలియనివాళ్లకు అది ఉట్టి తుప్పల జాగా.

పోయిన చలికాలం అక్కడ వ్యూపాయింటు కడతామని, కార్లు ఆగడానికి వాలు చదును చేస్తామని కబురొచ్చింది. గ్రామసభలో ఊరివాళ్లు, అది మనుషుల్ని పూడ్చిన చోటండీ అని చెప్పుకున్నారు. వచ్చిన ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. సమాధి రాళ్లున్న చోటు జోలికి రామన్నాడు, రాళ్లు లేనిదంతా ఖాళీ జాగా అన్నాడు. వెట్టివాళ్లు కాబట్టే వాళ్లకు రాళ్లు లేవన్న సంగతి ఆయన బుర్రకెక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మనమే రాళ్లు పెట్టేద్దామని అమ్మమ్మ అంది. ఊరి పెద్ద మంగ్లు తాత ఒప్పుకోలేదు. ఒక వంశం మనిషి మీద ఇంకో వంశం రాయి పడితే ఆ పోయినవాడు ఎవరింటికీ కాకుండా పోతాడని ఆయన భయం. పైగా ఆడమనిషి రాయి నిలబెట్టడం మాలో ఎన్నడూ లేదు. మొండితనం కాదది, ఆయన నిజంగానే భయపడ్డాడు. అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

జేసీబీ వచ్చిన రోజు పొద్దున్న ఆమె పట్టుబడితే నేనే చెయ్యి పట్టి పైకి నడిపించుకుపోయాను. మంచు దట్టంగా ఉంది. బండి ఆపరేటరు సీతంపేట వైపు మనిషి, మంచు విడేదాకా ఇంజను ఆపుకుని బండి మీదే కూర్చున్నాడు. వాలు మీద మేం ముగ్గురమే ఉన్నాం.

ముందు తల తిప్పింది అమ్మమ్మ. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆమెకు చాలా ఏళ్లుగా చెవుడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప పలకదు. అలాంటిది చటుక్కున ఆగి, తుప్పల వైపు చూసి, "ఎవులో దగ్గుతన్నారే" అంది.

అప్పుడు నాకూ వినబడింది. కొండముచ్చేమో అనుకున్నాను. కాదు. దగ్గు వినడం నా రోజువారీ పని. అది గుండెల్లో కఫం పట్టేసిన మనిషి దగ్గు, పడుకుని దగ్గే దగ్గు. ఒక చోట ఆగగానే ఇంకో చోట మొదలైంది. కాసేపటికి వాలంతా అదే. అన్నీ మోకాలి ఎత్తు కంటే కిందనుంచే వస్తున్నాయి. టీబీ వార్డులో తెల్లారగట్ల ఇలాగే ఉంటుంది.

తుప్పలన్నీ చేతులతో విడదీసి చూశాను. ఒక్క మనిషి లేడు. ఫోన్లో రికార్డు చేద్దామని తోచనే లేదు.

ఆపరేటరు బండి దిగొచ్చాడు. "మేడమ్, ఈడ రోగిష్టి మనుసులున్నారండి. నాను బండెట్టలేను" అన్నాడు. మేం ఆయనకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మంచు పలచబడేసరికి దగ్గులు ఆగిపోయాయి. అప్పటికి మంగ్లు తాతా, ఊళ్లోవాళ్లు కొందరూ పైకి వచ్చారు. అమ్మమ్మ వాలులో దొరికిన ఒక రాయిని రెండు చేతులా ఎత్తడానికి అవస్థ పడుతోంది. ఎవరి వంశమో తెలీకుండా పెట్టకు సుక్రీ అని తాత ఆమె చెవి దగ్గర అరిచి బతిమాలాడు.

"ఎవులైతే ఏటన్నా? ఆడికీ ఇంటికాడ నాలాటి కూతురు ఉండే ఉంటాది" అంది ఆమె.

తాత వెళ్లి ఆ రాయికి రెండో వైపు పట్టాడు. ఆ తర్వాత అందరూ తలో రాయి తెచ్చి నిలబెట్టారు.

ఆఫీసరు వచ్చి కొత్త రాళ్లని తెలిసి కూడా అవి ఉన్న కిందిభాగం వదిలేశాడు. పైభాగం మాత్రం ఇంకో ఆపరేటరును తెప్పించి చదును చేయించారు. ఇప్పుడక్కడ కార్లు ఆగుతాయి. ఆ రోజు దగ్గులు ఆ పైనుంచి కూడా వచ్చాయి. ఆ మాట నేను ఆఫీసరుకు చెబితే, ఉద్యోగం చేసుకుంటున్నదానివి, ఇలా మాట్లాడకమ్మా అన్నాడు.

తర్వాత నేను చాలాసార్లు మంచులో వెళ్లి నిలబడ్డాను. మళ్లీ ఎన్నడూ వినబడలేదు. అమ్మమ్మ చెవులు ఆ రోజు ఎలా పనిచేశాయో డాక్టరుగారిని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను విన్నదేమిటో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు.

ఆ రోజు కిందికి దిగుతుంటే దారిలో అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"నువ్వు దినమూ దగ్గులింటావు గదే. ఏది ముసిలోడిదో, ఏది వయసోడిదో నీకు తెలుస్తాది. మా అయ్య పడుసోడే. ఆడిది ఏ పక్కనించొచ్చిందో సెప్పు, ఆ పక్కకి తిరిగి దండమెట్టుకుంతాను."

ఏడుపు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆ వాలులో ముసలివాళ్ల దగ్గు ఒక్కటి కూడా లేదు. అన్నీ పడుచువాళ్లవే. పిల్లలవి కూడా ఉన్నాయి.