ఖాళీ కుర్చీకి ఫ్యాను

మొన్న ఫిల్మ్‌నగర్‌లో నేను తీస్తున్న సినిమా కోసం వేసిన గ్రంథాలయం సెట్‌లోకి అడుగుపెట్టగానే చెమ్మ పట్టిన కాగితం వాసన గుప్పుమంది. ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లు పాత పుస్తకాలు తూకానికి కొనుక్కొచ్చి అరలు నింపారు. ఒకటి తీసి చూశాను. లోపల, ఎప్పుడో మూతపడ్డ మా కృష్ణానగర్ గ్రంథాలయం ముద్ర. ఆ ముద్ర వేసిన చెయ్యి మా లైబ్రేరియన్ సులోచనమ్మ గారిది.

భీమవరం నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, సినిమాల్లో పని దొరకని పగళ్లన్నీ నేను గడిపింది ఆవిడ రీడింగ్ రూములోనే. "పని లేదని పండుకుంటే ఎట్ల తమ్మీ? గీ పుస్తకం చదువు. రేపొచ్చి దీంట్ల ఏమున్నదో నాకు చెప్పాలె" అనేవారు. అలా చెప్పీ చెప్పీ కథ చెప్పడం నేర్చుకున్నాను. ఆవిడకో అలవాటుండేది. పొద్దున్నే ప్రతి బల్ల దగ్గరా ఒక కుర్చీ వెనక్కి లాగి, పైన ఫ్యాను వేసేవారు. ఖాళీ కుర్చీకి గాలెందుకండీ అని ఒకసారి ఎగతాళి చేశాను.

"ఖాళీ అని నువ్వంటున్నవ్. ఎవరన్న కూసొని చదువుతున్నరేమో, నీకేమెరుక?" అన్నారు. నవ్వలేదు.

జూబ్లీ హిల్స్ బంగళా అయినా బోరబండ రేకుల ఇల్లయినా ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నూ కడుతుంది. ఆ సొమ్ము మా గది దాకా సరిగ్గా చేరితేనా! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. కొత్త పుస్తకాలు ఆగాయి, తర్వాత దినపత్రికలు ఆగాయి, జనం పలచబడ్డారు. చివరికి కబురొచ్చింది: అధికారి వచ్చి చూస్తాడట, చదివేవాళ్లు లేకపోతే మూసేస్తారట.

కృష్ణానగర్‌లో మనుషులకు కొదవా? షూటింగ్ లేని జూనియర్ ఆర్టిస్టులను బతిమాలి తెచ్చి గది నింపాను. అక్కడే దెబ్బతిన్నాం. సినిమాలో వెనకాల కూర్చున్నవాళ్లు కదలకూడదు, మాట్లాడకూడదు, వచ్చినవాడి వైపు చూడకూడదు. వాళ్లకు తెలిసిన పని అదే, అదే చేశారు. అధికారి గుమ్మంలో నిలబడి "ఏమండీ" అని పలకరించాడు. ఒక్కరూ తలెత్తలేదు. ఒక్క పేజీ తిరగలేదు. పైన ఫ్యాన్లు కిర్రుకిర్రుమంటున్నాయి. ఆయన మొహం పాలిపోయింది. లోపలికి రాకుండానే ఫోను తీసి, నిండుగా ఉన్న ఆ గదినే చూస్తూ, "లేదండీ, ఇక్కడెవరూ లేరు. అంతా ఖాళీ" అన్నాడు.

"మనం వాళ్లకు ఎన్నడు కనవడ్డం తమ్మీ" అన్నారు సులోచనమ్మ గారు, ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుతూ. గ్రంథాలయం మూతపడింది. మరుసటి వానాకాలం ఆవిడా పోయారు. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

సెట్‌లో షాట్ అయింది, కట్ అన్నాను. అందరూ లేచి భోజనాలకు వెళ్లారు. మూల బల్ల దగ్గర ఒక కుర్చీ వెనక్కి లాగి ఉంది, ఎదురుగా పుస్తకం తెరిచి ఉంది. తలుపులు మూసే ఉన్నాయి, ఎక్కడా గాలి లేదు. నేను చూస్తుండగానే పేజీ తిరిగింది.

"లైట్లు బంద్ జెయ్యాల్నా సార్?" అడిగాడు లైట్‌మన్ యాదగిరి.

"వద్దు. ఆ మూల ఒక ఫ్యాను పెట్టించు."

"గాడ ఎవరు లేరు గద సార్?"

"నీకేమెరుక?" అన్నాను, ఆవిడ యాసలోనే.