బొక్కల కార్డులు

1969లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మధ్య కాలేజీ తెరిచిన ఒకరోజు, కంప్యూటర్ మీద నా ప్రోగ్రాం నడిపే వంతు వచ్చింది. నడవకపోతే ప్రాక్టికల్స్ పోయినట్టే. ప్రోగ్రాం అంతా చిల్లులుగా పొడిచిన అట్టకార్డులు వరుసగా పేర్చి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైకిలెక్కాను. మూసారాంబాగ్‌లో కానిస్టేబుల్ ఆపాడు.

"ఏందిర గివి? కరపత్రాలా?"

"కంప్యూటర్ కార్డులు సార్. గా బొక్కలే అక్షరాలు."

"అయితే చదువు."

"నాకు రాదు సార్. మిషిన్ చదువుతది."

"చదువరానోనివి కాలేజీకెందుకు పోతున్నవ్‌ర?"

స్టేషన్ తప్పదనుకున్నాను. ఆయన ఒక్కో కార్డునూ ఎండకెత్తి చూసి, పేకముక్కల్లా కలిపి, జాలిపడి ఇచ్చేశాడు. వరుస చెదిరిన కార్డులతో మిషిన్‌లో నా ప్రోగ్రాం నడవలేదు.

ఆ రోజుల్లో లాఠీదెబ్బలు తిన్నవాళ్లు చాలామంది. ఒక్క దెబ్బయినా పడకుండా పోలీసు చేతిలో పరీక్ష తప్పింది మాత్రం నేనొక్కడినే అనుకుంటాను.