పెట్రోలు లేని మోటారు

మా బావ పోయాడన్న కబురు మిర్యాలగూడకు కోదాడ బస్సు డ్రైవరు తెచ్చాడు. మా వాకిట్లో బస్సు ఆపి, దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "చిన్నమ్మా, మీ బావ తెల్లారంగ పానం ఇడిసిండు" అన్నాడు. తిరుగు బస్సులోనే బయలుదేరాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కనకనే ఇది రాస్తున్నాను.

ఆయన మా అక్క మొగుడు, కోదాడలో ఉండేవాడు. ఆడపిల్లకు చదువెందుకని మా ఇంట్లో అంటుంటే, బెజవాడ పోయినప్పుడల్లా పత్రికలు కొని తెచ్చి నా ముందు పడేసేవాడు. "చదువు పిల్లా, నేనింటున్న" అని మోటారు కింద దూరేవాడు. బండి కింద నుంచి రెండు కాళ్లు మాత్రం కనపడేవి. నేను తప్పు చదివితే ఆ కాళ్లు కదిలేవి. నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం వచ్చిందంటే ఆయన పుణ్యమే.

ఆ మోటారు సంగతి చెప్పాలి. బావ ఒక దొర దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. దొర కొత్త మోటారు కొనుక్కుని పాతదాన్ని అమ్ముతానంటే, తనకున్న మెట్ట చెలక అమ్మి దాన్ని కొన్నాడు. అమెరికా నుంచి ఓడలో వచ్చిన బండి. వెనక సీట్లో మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల మధ్య కిరాయికి తిప్పితే కొన్నేళ్లలో మళ్లీ చెలక కొనవచ్చని ఆయన ఆశ. వచ్చిన కిరాయి వచ్చినట్టే పెట్రోలుకు పోయేది. ఏమన్నా మిగిలితే టైరు పగిలేది. టైరు బాగుంటే స్ప్రింగు విరిగేది. "కొనుడు ఒక్కనాటి ముచ్చటే పిల్లా, సాకుడు దినాం ఉంటది" అనేవాడు.

పెట్రోలు ఆదా చేయడానికి ఆయన పడని పాట్లు లేవు. మునగాల దాటాక దిగుడు వస్తే ఇంజను ఆపేసి బండిని ఊరికే జారనిచ్చేవాడు. ఎక్కుడు వస్తే "జర దిగుండ్రి అన్నా, కాళ్లు సాగుతయి" అని కిరాయిదారులను దింపేవాడు. కందికట్టె ఒకటి టాంకులో ముంచి తీసి, తడి ఎంతవరకు ఉందో చూసి, వాసన చూసి, అప్పుడు గానీ కిరాయి ఒప్పుకునేవాడు కాదు. టైర్లు దొరకని కాలంలో పగిలిన టైర్లలో వరిగడ్డి కుక్కి నడిపాడు. ఒకసారి పండక్కి పోయి, "అక్కకు చీర తెచ్చినవా, బండికి టైరు తెచ్చినవా?" అని అడిగాను. "టైరే. మీ అక్క చిరిగిన చీరతోని నడుస్తది, ఇది చిరిగిన టైరుతోని నడవదు" అన్నాడు. "నడుస్తున్ననని ఎవరన్నరు?" అని లోపలి నుంచి అక్క కసిరింది. ముగ్గురం నవ్వుకున్నాం.

మా నవ్వు మా ఇంట్లోది. బజారు నవ్వు వేరు. మోటారు నిలబెట్టే చోటికి ఎదురుగా ఒక కిరాణా కొట్టు ఉంది. ఆ షావుకారుకు బావ మోటారంటే పొద్దుటి ఫలహారం. "హారను కొడితే గూడ అరసీస తాగుతదంట కదయ్యా" అనేవాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించేవాడు. ఆయన బిడ్డ పెండ్లికి వచ్చిన చుట్టాలందరినీ బావ ఆ మోటారులోనే తెచ్చి దింపాడు. కిరాయి తీసుకోలేదు, పెట్రోలు కూడా సొంతమే. "ఎదురింటోళ్లు" అన్నాడు, అంతే.

పోయిన ఏడు వానాకాలం, మిలిటరీ రాకముందు, సంస్థానంలో జరిగిన గడబిడ అందరికీ తెలిసిందే. సరిహద్దులో సుంకం నాకా మూసేశారు. అవతలి నుంచి పెట్రోలు చుక్క రాలేదు. బావ మోటారు కొట్టు ముందే నిలిచిపోయింది. గడ్డి కుక్కిన టైర్లు వానకు కుళ్లుతాయని వాటిని ఊడదీసి, బండిని ఇటుకల మీద నిలబెట్టాడు. ఆ రోజుల్లోనే తుంగతుర్తి దిక్కు ఒక ఊళ్లో తుపాకులు పట్టుకున్నవాళ్లు దిగి, వడ్లు దోచి, ఇండ్లు కాల్చిపోయారు. వాళ్లు పెద్ద మోటారులో వచ్చారని చూసినవాళ్లు చెప్పారు. మిలిటరీ వచ్చి, కొత్త అధికారులు వచ్చి, ఆరా తీస్తే, పెద్ద మోటారంటే కోదాడాయనదే కదా అని ఎవరో అన్నారు. బావను సూర్యాపేట ఠాణాకు పట్టుకుపోయారు.

అక్కా నేనూ పోయాం. బావ భయపడలేదు. అధికారి ముందే, "సార్, గా ఊరికి పోయి రావాల్నంటే టాంకు నిండ కావాలె. కట్టె ముంచితే తడి గూడ అంటకపోతుండె. ఊరంత ఎరుకే, అడుగుండ్రి" అన్నాడు. ఆ అధికారి చెడ్డవాడేమీ కాదు. ఆ రోజుల్లో బండి కదలలేదని చూసినవాళ్లు ఇద్దరు వచ్చి చెబితే వదిలేస్తానన్నాడు. బావ మా వైపు తిరిగి, "పరేషాన్ కాకుండ్రి. ఇన్నేండ్లు నవ్విన్రు గద, ఆ ముచ్చటే వచ్చి చెప్పుమనుండ్రి" అన్నాడు.

బజారంతా తిరిగాం. ఒకరు కొడుకు పెండ్లి ఉందన్నారు, ఒకరు ఒంట్లో బాగాలేదన్నారు. అడ్డపంచె సర్దుకుంటూ షావుకారు, "బేరాల మీద ఉంటనమ్మా, బండి దిక్కు నేనెప్పుడు సూసిన?" అన్నాడు. అక్క ఆయన గడప ముందు కూలబడి కొంగు పట్టింది. ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరి పక్షాన మాట్లాడితే ఏమవుతుందోనన్న భయం అందరికీ ఉంది, నిజమే. ఆ భయానికి నేను విలువ ఇవ్వలేను. మా అక్క కూడా భయపడుతూనే గడప గడపా ఎక్కింది.

సాక్షి లేక లోపలే ఉండిపోయిన బావను చలికాలం దాటాక వదిలేశారు. ఇంటికి వచ్చిన మనిషి సగం మనిషి. దగ్గితే గుడ్డకు నెత్తురు అంటేది. దవాఖానకు తిప్పడానికి అక్క మోటారును ముక్కలు ముక్కలుగా అమ్మింది. "బావా, వాళ్లనొకసారి నిలదీసి అడుగరాదా?" అన్నాను ఒకరోజు. "నవ్వుడు నాకు అలవాటే పిల్లా. గా ఒక్కనాడు ఎవ్వడు నవ్వలే సూడు, అదే కడుపుల ఉండిపోయింది" అన్నాడు.

దినాల నాడు బజారంతా భోజనానికి వచ్చింది. నేను పప్పు వడ్డిస్తున్నాను. షావుకారు వరస మధ్యలో కూర్చుని, పక్కనున్న పొరుగూరి చుట్టాలకు బావ గొప్పలు చెబుతున్నాడు. "దేవునసొంటి మనిషి. ఆ మోటరు మీద పానం. నాకా మూసిన కాలంల చుక్క పెట్రోలు లేక, టైర్లు లేక, మా కొట్టు ముంగట ఇటుకల మీదనే ఉండె. పొద్దుగాల తలుపు తీస్తే దాని మొకమే సూస్తుంటి. నాట్లప్పటి సంది మిలిటరీ వచ్చేదాక జానెడు జరగలే" అన్నాడు. చుట్టాలు నవ్వారు.

మూల గదిలో కూర్చున్న అక్క లేచి బయటికి వచ్చింది. కొత్తగా మొగుడు పోయిన మనిషి ఆ రోజున వరస ముందుకు రాకూడదు. వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. షావుకారు ముందు వంగి, అన్నం, పప్పు, కూర ఉన్న విస్తరిని రెండు చేతులా ఎత్తుకుంది. ఒక్క మెతుకు కింద పడకుండా నడిచి పోయి, దొడ్లో బర్రె ముందు పెట్టి, మళ్లీ గదిలోకి పోయి కూర్చుంది.

వరసలో ఎవరూ ముద్ద ఎత్తలేదు. షావుకారు చేతికి పప్పన్నం అంటుకుని ఉంది. లేవనూ లేక, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఉత్త నేల ముందు అట్లాగే కూర్చున్నాడు.