కనబడలేదని చెప్పిన గీత

ఒకే ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. కనబడలేదు. చూడబోతే బరువైన మాటేమీ కాదు. తాళంచెవి పోయినా, కళ్ళజోడు పోయినా ఎవరైనా అనేదే. నేను మాత్రం అనలేను. ఇంట్లో ఏదైనా అడిగితే దొరికేదాకా వెతుకుతాను తప్ప ఆ మాట నా నోట రాదు.

ఖమ్మంలో మాది బట్టల దుకాణం. ఎదుటివాడు ఏం చెప్పినా సగం చేసి వినాలని అబ్బాజాన్ గల్లా పక్కన కూర్చోబెట్టి నేర్పాడు. డాక్టరునయ్యాక కూడా ఆ విద్యను వదల్లేదు. చర్ల వైపు అడవి అంచున ఒక చిన్న ఆస్పత్రి. అత్యవసర గదికి వచ్చేవాళ్ళు, ముందు తమనే చూడాలని, నొప్పిని పెంచి చెప్పేవారు. నేను తగ్గించి వినేవాడిని. మెడలో స్టెతస్కోపు ఉందన్న మాటే గానీ, చేసేది బేరమే.

మంచం పక్కకు తెచ్చి చూసే చిన్న స్కాన్ మెషిన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. లోపల రక్తం కారుతుంటే కాలేయానికీ కిడ్నీకీ మధ్య నల్లని గీత కనిపిస్తుంది. అలాంటి గీత చూశాననుకుని ఒకతన్ని, ఉన్న ఒక్క జీపులో, భద్రాచలం పంపాను. ఏమీ లేదని తేలింది. అక్కడి సర్జన్ ఫోన్ చేసి, "నీ మెషిన్‌ల గోదావరి గిట్ల కనిపిస్తున్నదా ఏందయ్యా?" అన్నాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం కాలిపోయింది.

ఆ మరుసటి వారమే ఆమె వచ్చింది. కోయపల్లె నుంచి, పొద్దున్నే, కడుపు పట్టుకుని, భర్త వెనక నడిచి.

"నొప్పి ఎంతుందమ్మా?"

ఆమె తన భాషలో భర్తకేదో చెప్పింది.

"కొద్దిగనే అంటున్నది సారూ. గని ఇది నొప్పని ఎన్నడు అనది. కాన్పప్పుడు గూడ గిట్లనే అన్నది."

"నెల తప్పిందా?"

"కొన్ని దినాలు ఎక్కువైనయంట."

కొద్దిగ. కొన్ని దినాలు. రెండింటినీ సగం చేశాను. భర్త మాటను, సరుకు అమ్ముకునేవాడి పొగడ్తలా వదిలేశాను. ఏ ధరా పెంచని మనిషి దగ్గర కూడా తగ్గించాను.

మెషిన్ ప్రోబ్‌ను ఆమె పొట్టకు ఆనించాను. గీత ఉంది. సన్నగా, నల్లగా.

నర్సు మరియమ్మ నా భుజం మీదుగా చూసి, "గదేంది సార్?" అంది.

"నీడ."

నీడేనా? కోణం మారిస్తే నీడ మారుతుంది. ఇది మారలేదు. గర్భసంచిలో నిలవాల్సిన గర్భం పక్కనున్న గొట్టంలో నిలిచి పగిలి ఉండొచ్చని నాకు తట్టాలి. తట్టింది కూడా. కానీ సర్జన్ నవ్వు చెవిలోంచి పోలేదు. గీత ఇంకాస్త పెద్దదైతే పంపుదాం, అప్పుడు ఎవరూ నవ్వరు అనుకున్నాను. సెలైన్ పెట్టించి, మెషిన్ ఆపేశాను. గీతను కూడా సగం చేశానన్నమాట.

మధ్యాహ్నానికి ఆమె చేతులు చల్లబడ్డాయి. నాడి దారమంత అయింది. అప్పుడు జీపు ఎక్కించాం. నేనూ వెళ్ళాను, సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని. ఆ గుంతల దారిలో, దుమ్ముగూడెం దాటాక ఆమె ప్రాణం పోయింది.

జీపు ఆగింది. భర్త ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తలెత్తాడు.

"మెషిన్‌ల కనబడలేదా సారూ?"

"కనబడలేదు. పాత మెషిన్."

"మెషిన్ ఏం జేస్తది తియ్యి సారూ. దానికి నోరున్నదా?"

నన్నే ఓదార్చాడు.

ఆస్పత్రిలోనూ అదే చెప్పాను. నమ్మలేని మెషిన్ అని బీరువాలో పెట్టి తాళం వేశారు. చక్కగా పనిచేసే మెషిన్. నేను ఆ ఊరు వదిలేదాకా అది బయటికి రాలేదు. ఆలోగా కడుపు పట్టుకుని వచ్చినవాళ్ళలో దాని అవసరం ఎందరికి పడిందో? లెక్కల్లో పెరిగినవాణ్ణి, ఆ లెక్క మాత్రం వేయలేదు. మరియమ్మ ఏనాడూ నన్నేమీ అడగలేదు. బీరువా పక్కగా వెళ్ళేటప్పుడు మాత్రం ఒకసారి నావైపు చూసేది. లేక నాకే అలా అనిపించేదా?

ఆమె భర్త ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. అడవిలో ఎక్కడని వెతకను అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. ఆ సాకును మీరైనా నమ్మకండి. క్షమించమని అడగను. అడిగితే అదీ ఒక బేరమే అవుతుంది. ఆ రోజు అతను అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

కనబడింది, అన్నా. నీడ కాదు. నేను చూశాను.