జ్ఞానాపురంలో గుర్రం ఎర్రది

లోకంలో మిగతా చోట్ల ఆ గుర్రం ఏ రంగులో ఉండేదో గానీ, జ్ఞానాపురంలో మాత్రం పన్నెండేళ్ళ పాటు అది ఎర్రగానే ఉంది. దాన్ని ఎర్రది చేసింది జయమణి. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక్కి పోయే పిల్ల.

తండ్రి దేవదానం పోర్టులో, ఓడలకి ఇనప ఖనిజం ఎత్తే చోట కలాసీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల నుంచి చెప్పుల దాకా ఎర్ర దుమ్ముతో వచ్చేవాడు. ఆయన చొక్కాలని తల్లి మిరియం విడిగా ఒక బకెట్లో తడిపేది. లేకపోతే ఇంట్లో అందరి బట్టలూ అదే రంగుకి తిరిగేవి.

1991లో ఒక విదేశీ ఓడ అనుకున్నదానికన్నా వారం ఎక్కువ రేవులో ఉండిపోయింది. అందులో వంట చేసే ముసలాయన ఆదివారం పూజకి చర్చి ఎక్కడుందని సైగలతో అడిగితే, దేవదానం వెంటబెట్టుకొచ్చాడు. పూజయ్యాక ఇంటికి తీసుకొచ్చి చందువా చేపల పులుసుతో అన్నం పెట్టించాడు. కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆయన మారు వడ్డించుకుని తిన్నాడు. ఓడ కదిలే రోజున దేవదానం చేతిలో ఒక వీడియో క్యాసెట్టు పెట్టి, పిల్లకిమ్మన్నాడు. దానికి అట్టపెట్టె లేదు. నల్లటి క్యాసెట్టు, దాని మీద పెన్నుతో గీసిన సినిమా పేరు, అంతే.

"ఇది బయట దొరకదంట," అని దేవదానం తనకొచ్చిన పోర్టు ఇంగ్లీషుకి ఆయన మాటలు అర్థమైనంత మేరకు కూతురికి చెప్పాడు. "ఎప్పటిదో పాత బొమ్మల సినిమా. ఆ కంపెనీవోళ్ళు ఒక్క ఏడాదే అమ్ముతారంట. అమ్మేసి, పదేళ్ళు తాళమేసి దాసేత్తారంట. కొత్తపిల్లలు పుట్టుకొచ్చాక మళ్ళీ తీత్తారంట."

"దాయడం ఎందుకు నాన్నా?"

"ఎదురుసూడాలి గదా మరి, అందుకు."

జయమణి వేళ్ళు మడిచి లెక్కేసింది. రెండువేల ఒకటి.

వీధి చివర వీడియో షాపు గవర్రాజుది. అప్పటికి వాడికి ఇరవయ్యేళ్ళు, నోరు మాత్రం నలభై ఏళ్ళది. టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి దేవదానం ఇంటి అరుగు మీద పెట్టాడు. క్యాసెట్టు వేస్తే బొమ్మ కింద నుంచి పైకి దొర్లిపోతూ వచ్చింది. టీవీ వెనకాల మర తిప్పితే దొర్లడం ఆగింది గానీ రంగు రాలేదు.

"కలర్ టీవీ అని సెప్పి ఏటి తెచ్చావురా?" అని దేవదానం అడిగాడు.

"టీవీది కాదు బాబాయ్ తప్పు. ఆల్ల దేశం క్యాసెట్టు మన టీవీలో ఇంతే. ఉప్పు లేని పులుసనుకో, తాగెయ్."

అరుగు చుట్టూ చేరిన వీధి పిల్లలు తాగేశారు. సముద్రం మీద నడిచే గుర్రం కథ అది. దీపస్తంభం కాపలాదారు కూతురు దాని వీపు మీదెక్కి, తుఫానులో దారి తప్పిన పడవల్ని ఒక్కొక్కదాన్నీ ఒడ్డుకి తోలుకొస్తుంది. మాటలు ఒక్కటీ తెలియలేదు. తెలియాల్సిన అవసరం కూడా పడలేదు.

మూడోసారి చూసినప్పుడు గొడవ వచ్చింది. గుర్రం నల్లదని ఒకరు, బూడిద రంగని ఒకరు. తెల్లదే గానీ బురదంటిందని ఇంకొకరు. జయమణి లేచి లోపలికెళ్ళింది. గోడకున్న ఫోటో దింపి తెచ్చి టీవీ పక్కన పెట్టింది. మేడే నాడు పోర్టు కలాసీలంతా వరసగా నిలబడి తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో అది.

"మా నాన్న సొక్కా ఏ రంగుది?"

"ఎర్రది. దుమ్ము గదా," అన్నారు పిల్లలు.

"ఫోటోలో ఎలాగుంది?"

అందరూ ఫోటోకేసి చూశారు, టీవీకేసి చూశారు. గుర్రంలాగే ఉంది. ఆ పూటతో గుర్రం ఎర్రదైంది. అలాగే జయమణి తల్లి పెళ్ళి ఫోటో కూడా తెచ్చింది. ఫోటోలో ఉన్న పెళ్ళిచీర పెట్టెలో ఇంకా భద్రంగా ఉంది, ముదురాకుపచ్చది. దీపస్తంభం పిల్ల గౌను సరిగ్గా ఆ నీడలోనే ఉంది కాబట్టి గౌను ఆకుపచ్చదని తేలిపోయింది. ఆ తరవాత దాని మీద ఎవరూ నోరెత్తలేదు.

జయమణి ఎనిమిదో తరగతిలో ఉండగా మిరియం మంచం పట్టింది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. బడికి ఓ నెల వెళ్ళలేకపోయిన పిల్ల, తర్వాత ఏడాదీ వెళ్ళలేదు, ఇంక వెళ్ళనే లేదు. తొంభై ఏడు వానాకాలంలో తల్లి పోయింది. ఆ ఆకుపచ్చ చీర కట్టే సాగనంపారు. పెట్టెలో చీర ఉన్న చోట క్యాసెట్టు మిగిలింది. అదీ ఎక్కువకాలం మిగల్లేదు. ఉప్పుగాలికి రీలంతా తెల్లగా బూజు పట్టింది. గవర్రాజు తుడిచి వేసి చూశాడు. డెక్కు దాన్ని నమిలేసి ముద్ద చేసి కక్కింది.

"అయిపోయిందే మణీ," అన్నాడు.

"రెండువేల ఒకట్లో మళ్ళీ వత్తది," అంది జయమణి.

ఆ మరుసటేడు వీధిలో కొత్తగా పెట్టిన నర్సరీ స్కూల్లో ఆయాగా చేరింది. కరస్పాండెంట్ అర్జునరావుది కృష్ణా జిల్లా. స్టీలు ప్లాంటులో ఉద్యోగం విరమించి ఈ బడి పెట్టుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఏ పని చేసినా తల్లిదండ్రులు ఏమనుకుంటారన్నది ముందు చూసుకునే రకం. జయమణి పెద్దవాళ్ళతో రోజుకి పది మాటలు మాట్లాడేది కాదు. మధ్యాహ్నం పిల్లల క్యారేజీలు విప్పాక మాత్రం ఎర్రగుర్రం బయల్దేరేది. ఒక్కో పడవ ఒడ్డుకి చేరడానికి ఒక్కో ముద్ద. పెరుగన్నం వచ్చేసరికి తుఫాను తగ్గేది. అన్నం మిగిల్చిన క్యారేజీ ఒక్కటి కూడా ఇంటికి తిరిగెళ్ళేది కాదు.

రెండువేల సంవత్సరం వేసవిలో, బయటి గోడ మీద బొమ్మలు వేస్తానని మాటిచ్చిన పెయింటరు రాలేదు. బడి తెరవడానికి వారమే ఉంది. "నానేత్తాను సార్," అంది జయమణి. అర్జునరావు ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అని వెనక్కి తిరిగి చూశారు. దుమ్ము రంగుకి సరిపోయేది ఏదని ఆమె హార్డువేర్ షాపులో డబ్బాలన్నీ తెరిపించి, చివరికి గేట్లకీ కిటికీ ఊచలకీ వేసే రెడ్ ఆక్సైడ్ ఎంచుకుంది. గౌనుకి ఆకుపచ్చ ఎనామిల్. నాలుగు రోజుల్లో గోడంత గుర్రం లేచి నిలబడింది. ఆ ఏడు నుంచి రిక్షావాళ్ళకి బడి పేరు అక్కర్లేకపోయింది. ఎర్రగుర్రం బడి అంటే చాలు.

రెండువేల ఒకటి జనవరి ఒకటిన, కొత్త సంవత్సరం పూజ నుంచి తిన్నగా గవర్రాజు షాపుకెళ్ళింది. అక్కడ క్యాసెట్ల బదులు సీడీలు మెరుస్తున్నాయి.

"వచ్చిందా అన్నా?"

"ఏది?"

"పదేళ్ళయింది గదా. తాళం తీసుంటారు."

గవర్రాజు నవ్వాడు గానీ, హైదరాబాదు నుంచి వచ్చే కొత్త సీడీల జాబితా తీసి చూశాడు. లేదు. ఫిబ్రవరి ఒకటినా లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆమె రావడం, వాడు జాబితా చూడడం మామూలైపోయింది.

"ఏటి మణీ, నీ గుర్రం స్నానానికెల్లి ఇంకా రాలేదా?" అనేవాడు ఒకసారి. "తాళంసెవి సముద్రంలో పడిపోయిందంట," అనేవాడు ఇంకోసారి.

ఇంట్లో తండ్రి కూడా, "ఆ ముసలోడు ఊరికే అన్నాడేమోనే. పద్దెనిమిది దాటిన పిల్లవి, బొమ్మల కోసం ఎదురుసూత్తన్నావంటే నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనీ నాన్నా. నానేం ఆల్లని సూడమంటన్నానా?"

ఆమెకి అనుమానం అంటూ లేదు. గుర్రం ఎర్రదేనని ఆమెకి తెలుసు. గౌను ఆకుపచ్చదనీ తెలుసు. చూడాల్సింది ఒక్కటే, కదిలే బొమ్మలో ఆ ఆకుపచ్చ ఎలా ఉంటుందో. పెళ్ళి ఫోటోలో చీర కదలదు. పెట్టెలో చీర ఇప్పుడు లేదు.

రెండువేల మూడు సెప్టెంబరు ఒకటిన షాపు మెట్లెక్కకముందే గవర్రాజు చెయ్యూపాడు. "వచ్చిందే. నీ గుర్రానికి బెయిలు దొరికింది." జాబితాలో పేరొక్కటే ఉంది, పక్కన 'కొత్త ప్రింటు, అసలు రంగుల్లో, నవంబరు' అని. ఆమె తన పేరు రాయించింది. మర్నాడు అర్జునరావుని అడిగి, బాలల దినోత్సవానికి బళ్ళో సినిమా వేసేట్టు ఒప్పించింది. ఇంగ్లీషు సినిమా అంటే తల్లిదండ్రులు సంతోషిస్తారని ఆయన కూడా సరేనన్నారు.

నవంబరు రెండో వారంలో సీడీ వచ్చింది. గవర్రాజు కాగితం చింపి అట్ట చూశాడు. చూసి ఆమె చేతిలో పెట్టాడు.

గుర్రం ఆకుపచ్చది. పాచి పట్టిన రాయిలా ముదురుగా, జూలు దగ్గర కాస్త నీలంగా. పిల్ల గౌను కుంకుమ ఎరుపు. అటుది ఇటు, ఇటుది అటు.

"పన్నెండేళ్ళు ఊరంతటికీ అబద్ధం సెప్పేవు గదే," అన్నాడు గవర్రాజు. నవ్వాడు కూడా.

జయమణి అట్ట తిప్పి వెనక వైపు కూడా చూసింది. "మనకొచ్చిన బొమ్మలో రంగు లేదు," అంది. "నాను మనకున్నవాటితో పోల్సి సెప్పాను. నువ్వు ఊరికే పులుసు తాగేవు."

అర్జునరావు అట్ట చూసి కంగారుపడ్డారు. సినిమా చూసిన తల్లిదండ్రులు బయటికొచ్చి గోడ చూస్తే నవ్వుతారు. "ఏమ్మా, ఈ అట్ట ముందు పెట్టుకుని గోడ మీది రంగులు మార్చెయ్, రెండు రోజుల్లో అయిపోద్ది."

"నాను మార్చను సార్."

"తప్పు దిద్దుకోడానికేంటమ్మా?"

"తప్పు కాదు సార్."

ఆమె అంతకుముందు ఆయనకి ఎదురు చెప్పలేదు. "అయితే పెయింటర్ని పిలిపిస్తాను," అని వెళ్ళిపోయారు.

పద్నాలుగో తారీఖున పెద్ద గదిలో కర్టెన్లు వేశారు. ముందు పిల్లలు, వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు. గుర్రం నీళ్ళలోంచి లేవగానే పిల్లలు గొల్లుమన్నారు. "ఇది కాదు, ఇది కాదు," అని ఒకటే గోల. వెనక నుంచి ఎవరో, "ఆయా చదువుకోలేదు కదా, తెలియక వేసింది," అన్నారు. మెల్లగా అన్నామనుకున్నారు.

జయమణి గోడవార నుంచి లేచింది. అంతమంది ముందు నడిచి వెళ్ళి, బల్ల మీది రిమోట్ తీసుకుంది. తెర మీద రంగు గీత ఒక్కో గడీ తగ్గిస్తూ పోయింది. ఆకుపచ్చ వెలిసింది, కుంకుమ వెలిసింది, రెండూ ఒకే బూడిద నీడకొచ్చి ఆగాయి. సంచిలోంచి మేడే ఫోటో తీసి టీవీ పక్కన నిలబెట్టింది.

"మాకు వచ్చింది ఇది," అంది. తల్లిదండ్రుల వైపు తిరగలేదు గానీ గొంతు తగ్గించలేదు. "ఇందులో ఉన్న ఈ మనిషి మా నాన్న. ఆ సొక్కా రంగేదో పోర్టులో ఎవుర్నయినా అడగండి."

ముందు వరసలో కూర్చున్న మధులత అనే చిన్నపిల్ల, "అదిగో మన ఎర్రగుర్రం," అంది. మిగతా పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. సినిమా చివరిదాకా అలాగే నడిచింది. రంగు పెంచమని ఎవరూ అడగలేదు.

జయమణి ఆ రాత్రి దాన్ని ఇంట్లో తండ్రితో కూర్చుని రంగుల్లోనే మొత్తం చూసింది. బాగుంది. ఆకుపచ్చ గుర్రం కూడా బాగుంది, కాదనలేదు. "ఇది ఆల్ల గుర్రం నాన్నా," అంది అంతే. దేవదానం తన చొక్కాకేసి ఒకసారి చూసుకున్నాడు.

అర్జునరావు మాత్రం మాట తప్పలేదు. శనివారం పెయింటరు అబ్బులు డిస్టెంపర్ డబ్బాలతో దిగాడు. గోడని గోటితో గీకి చూసి, "సార్, ఇది నూనె రంగు. దీని మీద డిస్టెంపర్ నిలబడదు. ముందంతా గీకెయ్యాలి, మూడు రోజుల పని," అన్నాడు.

"మూడు రోజులా? సోమవారం బడి ఉంది. పైన వేసెయ్యవయ్యా."

అబ్బులు జయమణికేసి చూశాడు. ఆమె పిల్లల పళ్ళేలు కడుగుతోంది, తలెత్తలేదు. మూడేళ్ళ క్రితం హార్డువేర్ షాపువాడు ఆమెకీ ఆ మాటే చెప్పి ఉన్నాడు. సోమవారానికి గోడ మీద ఆకుపచ్చ గుర్రం, కుంకుమ గౌను తయారయ్యాయి. మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు కథలో గుర్రం ఎర్రగానే బయల్దేరింది. సీడీలో ఉన్నట్టు చెప్పమ్మా అని అర్జునరావు రెండుసార్లు చెప్పి చూశారు. ఆమె తర్వాతి ముద్ద కలుపుకుంటూ పోయింది.

మరుసటి జులైలో వానలు పట్టాయి. మొదట గుర్రం పొట్ట దగ్గర అరచేతంత పెచ్చు లేచింది. తర్వాత మెడ, తర్వాత గౌను కుచ్చిళ్ళు. వారం తిరిగేసరికి ఎరుపు సగానికి పైగా బయటికొచ్చింది. గౌను మోకాళ్ళ దాకా పచ్చబడింది. అర్జునరావు గొడుగు పట్టుకుని గోడ ముందు నిలబడ్డారు.

"ఏమ్మా, నువ్వేమైనా గీకావా?"

"లేదు సార్. అబ్బులు ముందే సెప్పాడు గదా."

"మళ్ళీ వేయిస్తాను."

"వేయించండి సార్," అంది జయమణి. "ఎన్నిసార్లయినా వేయించండి. వాన ఏటా వత్తది."

ఆయన గొడుగు మూసి లోపలికెళ్ళిపోయారు. వరండాలో పిల్లలు క్యారేజీలు ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. జయమణి చేతులు కడుక్కుని మొదటి మూత తీసింది.

"ఎంత తుఫానో ఆ రోజు," అని మొదలుపెట్టింది, ముద్ద కలుపుతూ. "అప్పుడు సముద్రంలోంచి లేసింది ఎర్రగుర్రం." ఆఫీసు గది తలుపు తీసే ఉంది. ఎర్రగుర్రం అన్న మాట ఆమె కాస్త గట్టిగానే అంది.